దించేనాటి కూలి

బయలుదేరక ముందు

పోయినవాటితో మొదలుపెడతాను. తుఫాను వెళ్ళాక ఐదు రోజులు మా రేవుకు కరెంటు రాలేదు. మత్స్యకారుల సొసైటీ ఐసు ఫ్యాక్టరీలో మూడువందల పది దిమ్మలు కరిగిపోయాయి. దిమ్మ రెండువందల చొప్పున అరవై రెండు వేలు. చేపలు నలభై పెట్టెలు, పెట్టె నాలుగున్నర వేలు, లక్షా ఎనభై వేలు. రొయ్యలు పన్నెండు పెట్టెలు, తొమ్మిది వేల చొప్పున లక్షా ఎనిమిది వేలు. పద్దెనిమిది మందికి ఐదు రోజుల కూలి నలభై ఐదు వేలు. కుళ్ళిన సరుకు ఊరి బయట పూడ్చడానికి ఏడున్నర వేలు. మొత్తం నాలుగు లక్షల రెండువేల ఐదువందలు. ఫ్యాక్టరీలో మిగిలిన వాసనకు ధర కట్టడం నాకు చేతకాలేదు.

అంతకు ముందు ఏడాదే సొసైటీ మీటింగులో అందరం చేతులెత్తి డీజిల్ జనరేటరును అమ్మేశాం. ఏడాదికి రెండుసార్లు కూడా తిరగదు, ఊరికే కూర్చుంటుంది అన్నారు. అమ్మితే లక్షా పదివేలు వచ్చింది.

నేను ఆ ఫ్యాక్టరీ లెక్కలు చూస్తాను. బడి పదో తరగతితో ఆగింది. మిగతా లెక్కలు కరెంటు బిల్లుల దగ్గర నేర్చుకున్నాను.

మా తీరాన అణువిద్యుత్ కేంద్రం కడతారన్న మాట ఆ తరవాత మళ్ళీ లేచింది. రాత్రింబగళ్ళు ఆగని కరెంటు, ఐసు ఫ్యాక్టరీకి తక్కువ ధరకు ఇస్తామన్నారు. రేవంతా సంబరపడింది, నేనూ పడ్డాను. పంచిన కాగితంలో ఒక వాక్యం మాత్రం నన్ను పట్టుకుంది. వాడిన ఇంధనాన్ని కేంద్రం ఆవరణలోనే నీటి కొలనులో చల్లబరుస్తూ తాత్కాలికంగా నిల్వ ఉంచుతారట. చల్లబరచడం మా వృత్తి. దానికి కరెంటు కావాలి. ఆ కరెంటు పోతే ఏమవుతుంది, ఆ బిల్లు ఎన్నాళ్ళు కట్టాలి, ఎవరు కట్టాలి?

సొసైటీ ప్రెసిడెంటు నూకరాజుతో అన్నాను. గ్రామసభకు ఇంకో పక్షం రోజులుంది. ఆ రోజు ఊరు చేతులెత్తాలి.

"నీకు పురుగు తొలిసిందంటే వదల్దు గానీ, తెలిసినోల్లని అడిగి రా," అన్నాడు. "నువ్వు సెయ్యెత్తితే నేనెత్తుతాను. నేనెత్తితే రేవెత్తుద్ది. బాగా సూసుకుని రా మరి."

మా ఊరి పాస్టరు గారికి అక్క వరసయ్యే ఎస్తేరమ్మ గారు దూరాన ఒక అణుకేంద్రంలో, అలాంటి కొలను దగ్గరే, పంపుల విభాగంలో ఉద్యోగం చేసి రిటైరయ్యారు. ఉండేది మాచర్ల. ఆమె కోసం ఒక సంచి ఎండుచేపలు కట్టుకుని రైలెక్కాను.

నరసరావుపేట

తెల్లవారి దిగాను. మా వైపు ఉదయం ఉప్పు వాసనతో వస్తుంది. ఇక్కడ మిరప ఘాటుతో వచ్చింది. స్టేషను బయటే మూడుసార్లు తుమ్మాను. ఇడ్లీ ప్లేటు ముప్ఫై రూపాయలు, మా ఊరికంటే ఐదు ఎక్కువ. కానీ చట్నీతోపాటు కారప్పొడి, నెయ్యి అడక్కుండానే వేశారు. ఆ కారప్పొడిని మా అలవాటు ప్రకారం చట్నీలాగా అద్దుకుని, తరవాత రెండు గ్లాసుల నీళ్ళు తాగాను.

శివరాత్రి మూడు రోజుల్లో ఉంది. వెదురు బొంగులు నింపుకున్న ట్రాక్టరు టీకొట్టు దగ్గర ఆగింది. దాని మీదినుంచి దిగిన పెద్దాయన నా సంచీ వైపు ముక్కు ఎగరేశాడు.

"ఏందయ్యా అది? సముద్రాన్ని మూటగట్టుకొచ్చావా?"

ఎండుచేపలని చెప్పాను. ఎక్కడినుంచి, ఏం పని అని అడిగాడు. లెక్కలు చూస్తానన్న మాట వినగానే నా టీ డబ్బులు ఆయనే ఇచ్చేశాడు. పేరు కోటయ్య. కోటప్పకొండ తిరునాళ్ళకు వాళ్ళ ఊరినుంచి ప్రభ కడుతున్నారు. "మాచర్ల బస్సులు మధ్యాహ్నం కూడా ఉంటయ్. మా వోళ్ళ లైట్ల లెక్క ఒక్కటి చూసి పో," అన్నాడు.

ప్రభ అంటే చూడనివాళ్ళకు చెప్పడం కష్టం. వెదురుతో, కొయ్యలతో మేడలకంటే ఎత్తుగా కట్టే చట్రం. రంగు గుడ్డలు, బొమ్మలు, పైనుంచి కిందిదాకా కరెంటు దీపాలు. దాన్ని బండి మీద నిలబెట్టి కొండ దాకా లాక్కెళతారు. నాలుగు వైపులా మోకులు కట్టి మనుషులు పట్టుకుంటారు. ఎవరి ప్రభ ఎత్తు, ఎవరి దీపాలు బాగున్నాయి అని ఊళ్ళకు ఊళ్ళు పోటీ. మా వైపు అమ్మవారి సంబరాలకు ఊరంతా ఒకే చోట చేరుతుంది. ఇక్కడ ఊరే లేచి నిలబడి కొండకు నడుస్తుంది.

నేను వెళ్ళేసరికి చట్రం నేల మీద పడుకుని ఉంది. ఎలక్ట్రీషియన్ శ్రీను దీపాల తోరణాల మధ్య కూర్చుని ఉన్నాడు. ఇంకో రెండు వరసల దీపాలు పెడితే జనరేటరు తట్టుకుంటుందా అన్నది ప్రశ్న. వాట్లు కూడి, తట్టుకుంటుందని చెప్పాను.

"ఇన్నావా పెదనాన్నా? లెక్కలాయనే చెప్పాడు," అని శ్రీను లేచాడు. "డబ్బులు తియ్యి."

"తట్టుకుంటదో లేదో అడిగాను గానీ, కొనమన్నానంట్రా? మోకులు రాలా, దించేనాటి కూలి పక్కన పెట్టలా. అయి రెండూ అయ్యిందాకా దీపానికి రూపాయి తియ్యను."

"పోయినేడు మోకులు బానే ఉన్నయ్ గదా!"

"బానే ఉన్నయ్యి గాబట్టే బావి తాడుకిచ్చాం. తెగినాక మారుస్తావా ఏంది?"

పక్కనే వెదురు చీలుస్తున్నవాళ్ళు నవ్వారు. నాకు మాత్రం పెద్దాయన పిసినారిలా కనిపించాడు. బాగున్న మోకు మార్చడం, ఇంకా లేపని ప్రభను దించడానికి కూలి తీసి పెట్టడం! లెక్కలవాణ్ణి కనక మనసులో ఆ రెండు పద్దులూ కొట్టేసి, రెండు వరసల దీపాలు వేసేశాను.

నకరికల్లు దాటాక

మాచర్ల బస్సులో నా సంచీ నాకంటే ముందు అందరికీ పరిచయమైంది. కండక్టరు టిక్కెట్టు కొడుతూ, "దీనిక్కూడా టిక్కెట్టు కొట్టాల్నా, లేకపోతే దింపెయ్యాల్నా?" అన్నాడు. వెనక సీటులో ఒకామె మాత్రం ముందుకు వంగి, "అన్నా, అయి నెత్తళ్ళా? ఎంతకిస్తావేంది?" అని అడిగింది. అమ్మడానికి కాదన్నాను. "అయితే ఊరికే ఇస్తావా?" అంది. బస్సంతా నవ్వింది. గుప్పెడు తీసి ఇస్తే, ఆమె తన గోనెలోంచి రెండు గుప్పెళ్ళ పండుమిరపకాయలు నా చొక్కా జేబులో పోసింది. ఏ ధర పట్టికలోనూ లేని మారకం అది.

నకరికల్లు దాటాక రెండు వైపులా కళ్ళాల్లో మిరప ఎండుతోంది. ఎర్రటి పొలాలు, వాటి మధ్య మనుషులు మోకాలి లోతు సాయంకాలపు ఎరుపులో నడుస్తున్నట్టు ఉన్నారు. పిడుగురాళ్ళ దగ్గర సున్నపు బట్టీల పొడి చెట్ల మీద, కప్పుల మీద, కుక్కల మీద పడి అంతా తెల్లగా ఉంది. ఎరుపులోంచి తెలుపులోకి వెళ్ళేసరికి నాకు నిద్ర పట్టింది. నిద్రలో మా ఐసు గది కనిపించింది. లోపల దిమ్మలు లేవు, నిండా నీళ్ళు. నీళ్ళ అడుగున ఏదో వెలుగుతోంది. దాన్ని చల్లార్చమని ఎవరో చెబుతున్నారు. స్విచ్చు కోసం గోడంతా తడుముతున్నాను.

గురజాల అని ఎవరో అరిస్తే మెలకువ వచ్చింది. జేబులో నలిగిన మిరపకాయలు సర్ది, ఆ చేతితోనే కళ్ళు నులుముకున్నాను. రెంటచింతల దాకా ఏడుస్తూ కూర్చున్నాను. రాష్ట్రంలో ఎండకు పేరుమోసిన ఊరు అది. నా కళ్ళనీళ్ళు చూసి కండక్టరు, "ఇప్పుడే ఏడిస్తే ఎట్టాగయ్యా, ఎండాకాలం రా, అప్పుడు చూద్దువు," అన్నాడు.

మాచర్ల

ఎస్తేరమ్మ గారి ఇల్లు నాపరాళ్ళ గచ్చుతో చల్లగా ఉంది. వాకిట్లో పట్టా మీద మిరపకాయలు. ఆమె అరవై దాటిన మనిషి, చేతిలో పెద్ద చీపురు, మాటలో ఉద్యోగపు గట్టిదనం.

"మేడం అంటే ఎండుచేపలు నేనే ఉంచుకుంటా, అక్కా అంటే వండి పెడతా," అన్నారు.

అక్కా అన్నాను. వంకాయతో ఎండుచేపల పులుసు, పండుమిరప గోంగూర పచ్చడి, వేడి అన్నం. మా ఇంట్లో పులుసు అన్నాన్ని తడుపుతుంది. అక్కడ పచ్చడి మనిషిని తడిపింది. చెమట తుడుచుకుంటూ నా ప్రశ్న అడిగాను. ఆమె చెయ్యి అడ్డంపెట్టి, "నీళ్ళ సంగతి నీళ్ళ కాడ చెప్పుకుందాం. రేపు సాగర్ పోదాం పా," అన్నారు.

సాగర్ ఒడ్డు

మర్నాడు ఉదయం జలాశయం ఒడ్డున కూర్చున్నాం. నీరు ఎక్కడ ఆగి ఆకాశం ఎక్కడ మొదలైందో తెలియలేదు. అవతలి ఒడ్డు తెలంగాణ. ఒక గుండ్రటి పుట్టి పడవ చాలాసేపు కదలకుండా ఉండి, ఎప్పుడో చూస్తే వేరే చోట ఉంది. సముద్రం దగ్గర పుట్టినవాణ్ణి, శబ్దం చెయ్యని ఇన్ని నీళ్ళు నాకు కొత్త.

"మా కొలను నీళ్ళు ఇట్టానే ఉండేయి," అన్నారామె. "అద్దం మాదిరి. కొత్తగా తీసిన ఇంధనం పెట్టినప్పుడు లోపల దీపాలార్పితే నీలంగా వెలుగు కనపడిద్ది. మొదటిసారి చూసినప్పుడు ప్రార్థన చెయ్యాలనిపించింది తమ్ముడూ, అంత బాగుండిద్ది. మా సారు ఎనకనుంచి, 'అందం తరవాత చూద్దువు గానీ మోటరు చప్పుడు విను' అన్నాడు."

"మోటరు ఆగితే?"

"ఎంటనే ఏం కాదు. నీళ్ళు చానా ఉంటయ్, మెల్లగా వేడెక్కుతయ్. పాత ఇంధనమైతే తీరుబడి ఎక్కువ, కొత్తదైతే తక్కువ. ఆ తీరుబడిలోపల ఇంకో మోటరు తిరగాలి. అందుకే ఒకటి తిరిగిద్ది, రెండోది ఊరికే కూర్చుంటది. దానికి డీజిల్ జనరేటరు, అదీ ఊరికే కూర్చుంటది. దాని పక్కన ఓ మనిషి. రెండేళ్ళకో కొత్త అధికారి వచ్చి, ఊరికే కూర్చున్నదానికి ఇంత ఖర్చేందని అడుగుతాడు. చెప్పేదాన్ని."

నాకు మా జనరేటరు గుర్తొచ్చింది. మేమూ అదే మాట అనుకుని దాన్ని అమ్మేశామని చెప్పాను. ఆమె నవ్వలేదు.

"అంతా నీళ్ళలోనే ఉంచాలా?"

"కొన్నేళ్ళు తప్పదు. మొదట్లో వేడి దబదబా తగ్గిద్ది, ఆనక నిదానమైద్ది. అట్టా చల్లబడ్డదాన్ని మందపాటి ఉక్కు, కాంక్రీటు పీపాల్లో పెట్టి బయట నిలబెట్టచ్చు. వాటికి మోటరు అక్కర్లా, గాలి తగిలితే చాలు. కొంత తీసుకుపోయి శుద్ధిచేసి మళ్ళీ వాడుకుంటారు, అది వేరే దారి. అక్కడా మిగిలేది మిగిలిద్ది."

"అయితే పీపాలే మేలు కదా?"

"పీపాకి డబ్బంతా ముందే పొయ్యాలి. కొలనుకి రోజూ కొంచెం కరెంటు. ఈ ఏడాది లెక్క చూసేవాడికి ఏది చవక?"

"కొలను."

"కొలను నిండితే?"

"ఇంకో కొలను తవ్వాలి."

"లేకపోతే ఉన్నదాంట్లోనే దగ్గర దగ్గరగా సర్దాలి. సర్దడం చవక. దగ్గరయ్యేకొద్దీ మధ్యలో అడ్డుపలకలు పెట్టాలి, వేడెక్కువ, నీళ్ళు పోతే తీరుబడి తక్కువ. చెయ్యచ్చు. ప్రతిదీ చెయ్యచ్చు. దానికి ఎంత జాగ్రత్త కొంటున్నావనేదే ప్రశ్న. నాకు భయం లేదు తమ్ముడూ, ఆ నీళ్ళ పక్కన నా ఉద్యోగమంతా చేశా, ఒంట్లో బానే ఉన్నా. ఖర్చుకి ఎనకాడిన రోజు మాత్రం భయపడ్డా."

ఒడ్డున ఉన్న ఇసుకలో వేలితో రెండు గీతలు గీశాను. కొలను ఖర్చు కింద మొదలై ఏటేటా మెట్టు మెట్టుగా ఎక్కే గీత. పీపాల ఖర్చు పైన మొదలై దాదాపు చదునుగా సాగే గీత. రెండూ ఎక్కడో కలుస్తాయి. అంతకంటే తక్కువ కాలమైతే కొలను చవక, ఎక్కువైతే పీపా. కరెంటు ధర పెరిగితే కలిసే చోటు దగ్గరికి వస్తుంది. లెక్క చేతికి అందినట్టే ఉంది. ఒక అంకె కావాలి.

"ఎన్నేళ్ళు ఉంచాలి అక్కా?"

పుట్టి మళ్ళీ జరిగింది.

"వేడి సంగతైతే చెప్పగలను. విషం సంగతి నీ మనవలకి మనవలు కూడా లెక్క తేల్చలేరు. దాన్ని ఎక్కడికి తీసుకుపోయి శాశ్వతంగా పెడతారో తేలిందాకా ఉన్నచోటే ఉంచాలి. నేను చేరిన రోజు 'తాత్కాలికం' అన్నారు. రిటైరైన రోజు పూలదండేసి మళ్ళీ అదే మాటన్నారు."

ఇసుకలో ఆ రెండు గీతల కింద ఏళ్ళు రాయవలసిన చోట ఏమీ రాయలేకపోయాను. చిన్న అల వచ్చి గీతల్ని కొంచెం కొంచెంగా నునుపు చేసింది.

కొండ దారి

రైలులో నడికుడి మీదుగా గుంటూరు వెళ్ళి, అటునుంచే ఇంటికి పోదామనుకున్నాను. కానీ ఎస్తేరమ్మ గారు, "ప్రభ చూడకుండా పోతే వచ్చినట్టే లెక్క గాదు," అని నరసరావుపేట బస్సెక్కించారు. సంచీలో ఇప్పుడు చేపల బదులు ఐదు కిలోల ఎండుమిరప.

శివరాత్రి సాయంత్రం కొండ దారి నిండా ప్రభలు. అవి రావడం కనపడదు. పొలాల మీద చుక్కలు పొడిచినట్టు కొన్ని దీపాలు, అవి మెల్లగా పెద్దవై, నిలబడ్డ నదుల్లాగా మన నెత్తి మీదికి వస్తాయి. దారికి అడ్డమొచ్చే కరెంటు లైన్లు ఆపేస్తారు. అందుకని ఇళ్ళు చీకటి, ప్రభలు వెలుగు. కోటయ్య గారి ప్రభలో శ్రీను అడిగిన రెండు వరసల్లో ఒకటే ఉంది. అయినా చూసినవాళ్ళ నోళ్ళు తెరుచుకునే ఉన్నాయి.

నేనూ చాలాసేపు పైకే చూశాను. మెడ నొప్పి పుట్టి తల దించినప్పుడు మోకులవాళ్ళు కనిపించారు. నాలుగు వైపులా కొత్త మోకులు చేతికి చుట్టుకుని నడుస్తున్నారు. వాళ్ళలో ఒక్కరూ ప్రభను చూడటం లేదు. కళ్ళు నేల మీద, చెవులు ముందు నడిచే కోటయ్య గొంతు మీద. గాలి విసిరింది. ప్రభ కొన నల్లటి ఆకాశంలో ఒక పక్కకు ఒరిగింది. "కుడి మోకు!" అని కోటయ్య అరిచాడు. కుడివైపు వాళ్ళు మడమలు తన్నిపెట్టి వెనక్కి వాలారు. మోకు తీగలా మోగింది. దీపాలన్నీ ఒకసారి ఊగి నిలబడ్డాయి. శ్రీను నా పక్కనే ఉన్నాడు. వాడు తన దీపాలను కాక మోకునే చూస్తున్నాడు.

తరవాత కోటయ్యతో, పాత మోకైతే ఆగేదా అని అడిగాను.

"ఆగేదేమో. ఆగుద్దేమో అని ప్రభ కట్టరు గదా అబ్బాయ్."

"మరి దించే కూలి ముందే ఎందుకు తీస్తారు?"

"ఇయ్యాల మోకు పట్టడానికి నేనంటే నేనని వస్తారు. చూడు, ఎంత మందో. తిరునాళ్ళయినాక దించేనాడు ఎవడొస్తాడు? దీపాల్లేవు, జనం లేరు, చందా ఇచ్చేవాడు లేడు. ప్రభ మాత్రం అంతే ఎత్తుంటది, అంతే బరువుంటది. మా తాతల నాడు ఒకసారి దించేనాటికి డబ్బుల్లేక అట్టా వదిలేస్తే, గాలికి పడి రెండెడ్లు చచ్చినయ్యంట. అప్పట్నుంచి ప్రభ లేపకముందే ఆ కూలి తీసి పక్కూరి పెద్దమనిషి చేతిలో పెడతాం."

"పక్క ఊరా? మీ ఊళ్ళోనే ఉంచుకోవచ్చుగా?"

"మా చేతిలో ఉంటే దీపాలైపోయిద్దయ్యా!" అని శ్రీను వైపు చూసి నవ్వాడు. "ఈడు ఊరుకుంటాడా?"

"పక్కూరోళ్ళు ఖర్చు పెట్టుకోరని ఏంది నమ్మకం?" అన్నాడు శ్రీను.

"ఆళ్ళ దించే కూలి నా కాడుందిరా."

ఆ మాట విన్నాక నేను మూడు రోజుల కిందట మనసులో కొట్టేసిన రెండు పద్దులూ మళ్ళీ రాసుకున్నాను. దీపాల పద్దుకు పైన రాసుకున్నాను.

మా రేవు

గ్రామసభ బడి ఆవరణలో జరిగింది. వచ్చిన అధికారి మర్యాదస్తుడు. ప్రతి ప్రశ్నకూ లేచి నిలబడి జవాబు చెప్పాడు. ఐసు ఫ్యాక్టరీకి ఇరవై నాలుగు గంటల కరెంటు అన్నప్పుడు ఆడవాళ్ళు కూడా చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు తప్పనను. ఐదు రోజుల వాసన మా అందరి ముక్కుల్లోనూ ఉంది.

నా వంతు వచ్చింది. ప్రభ సంగతి చెప్పాను. తరవాత రెండే అడిగాను. అమ్మే ప్రతి యూనిట్టు మీదా వాడిన ఇంధనాన్ని కాచే ఖర్చు, అంటే దించేనాటి కూలి, ముందుగా తీసి, ఖర్చుపెట్టే చేతిలో కాక ఇంకొకరి చేతిలో పెడతారా? ఆ కూలి ఎన్నేళ్ళకు లెక్క కట్టారు?

"నిల్వ ఖర్చు యూనిట్ ధరలో కలిసే ఉంటుందండి," అన్నాడాయన. "ఎవరి దగ్గర ఉంచుతారన్నది విధానపరమైన విషయం, పైన అడిగి చెబుతాను. ఏళ్ళంటారా, అది తాత్కాలికమే."

"తాత్కాలికం అంటే ఎన్నేళ్ళు బాబూ?" అని నూకరాజు కూర్చున్నచోటినుంచే అడిగాడు. "పదా, వందా? పెద్దదైనా పర్లేదు, సెప్పండి. ఇతను లెక్క కట్టేస్తాడు."

అధికారి కాగితాలు తిరగేశాడు. నిజాయితీగల మనిషి కనక నోటికొచ్చిన అంకె చెప్పలేదు. రాతపూర్వకంగా తెలియజేస్తామన్నాడు.

నూకరాజు నా చేతివైపు చూశాడు. అది ఒళ్ళోనే ఉంది. ఆయన చెయ్యి కూడా ఒళ్ళోనే ఉండిపోయింది. రేవువాళ్ళు వద్దనీ చెప్పలేదు, సరేననీ చెప్పలేదు. ఆ అంకె వచ్చిన రోజు మళ్ళీ కూర్చుంటామని తీర్మానం రాసి అందరం సంతకాలు చేశాం.

సొసైటీ ఈ మధ్య మళ్ళీ జనరేటరు కొంది, సెకండ్ హ్యాండుది, లక్షా డెబ్భై వేలు. ఎక్కువ రోజులు ఊరికే కూర్చుంటుంది. ఎవరూ దాన్ని ఏమీ అనడం లేదు. ఎస్తేరమ్మ గారి మిరపకాయలు అయిపోవచ్చాయి. మధ్యాహ్నం పూట ఐసు గది తలుపు వేసి బయట కూర్చున్నప్పుడు, లోపలి మోటరు చప్పుడు వింటూ కళ్ళు మూసుకుంటే, నీలం నీళ్ళు కనిపిస్తాయి. వాటి మీద ఎవరూ తల ఎత్తి చూడని ప్రభ ఒకటి నిలబడి ఉంటుంది.

నూకరాజు వలలు చూసుకుని వెళుతూ రోజూ అడుగుతాడు.

"ఏటి, ఎన్నేళ్ళంట?"

నా లెక్కలో మిగతావన్నీ నింపాను. మోటర్లు, డీజిలు, పీపాలు, కాపలా మనుషుల జీతాలు, అన్నీ ఒక్క ఏడాదికి కట్టి ఉంచాను. దాన్ని ఎంతతో గుణించాలో ఆ అంకె ఒక్కటే మాకు రావాలి. ఈ రోజుకీ రాలేదు.